పదకొండో ప్రశ్నకు ఆరు మార్కులు

1వ రోజు. పోటు 4.1 మీటర్లు, గాలి తూర్పు.

మొదటి పుస్తకం నిండిపోయింది. ఇది రెండోది. మతి కేంద్రం వాళ్లకు పోటు ఎంతో, గాలి ఎటో అక్కర్లేదట. నిద్ర, తిండి, నీళ్లు, నడక, గుర్తు అని అయిదు గడులు నింపితే చాలట. మూడో గట్టు పంపుహౌసులో ముప్పై నాలుగేళ్లు షిఫ్టు పుస్తకం రాసిన చెయ్యి ఇది. పోటు రాయకుండా పేజీ మొదలుపెట్టడం నాకు చేతకాదు. నచ్చకపోతే ఆ లైను వదిలేసి చదువుకోండి.

సంరక్షకుడు పాలెపు నూకరాజు, అంటే నేను. రోగి వీరవేణి, నా భార్య, వయసు అరవై మూడు. అల్జీమర్స్ అని తేలి నాలుగేళ్లయింది.

ఇవాళ తొమ్మిదో మందు పడింది. పొద్దున్న పోటు తగ్గగానే నర్సు హెప్సిబా పడవలో వచ్చింది. ఈ మందు సంగతి మొదటి రోజే విడమరిచి చెప్పారు. పోయినదాన్ని తిరిగి తేదు. ఉన్నదాన్ని ఉన్నచోట పట్టి ఉంచుతుంది, అదీ చేతనైనంత మేరకు. పద్నాలుగు రోజులకోసారి ఎక్కిస్తారు. ఎక్కించే ముందు పరీక్ష పెట్టె ఇరవై ప్రశ్నలు అడుగుతుంది. నూటికి నలభై వస్తే సీసా మూత తీస్తారు. రాకపోతే ఆ సీసా వరసలో తర్వాతి నంబరుకు వెళ్లిపోతుంది, మనకు మళ్లీ రాదు. మా గట్టు మీదే రెండు వందల పదమూడు మంది వరసలో ఉన్నారు.

మొదటిసారి డెబ్భై రెండు వచ్చాయి. పోయినసారి యాభై అయిదు. ఇవాళ నలభై తొమ్మిది.

పదకొండో ప్రశ్న దగ్గర ఎప్పటి భాగోతమే. "మీ పక్కన ఉన్న వ్యక్తి పేరు ఏమిటి?" అంది పెట్టె, మెట్టనగరం ఆడపిల్ల గొంతుతో. వీరవేణి కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది.

"ఈ పిల్లకి బుద్ధి లేదేటి? ఆయన పేరు నన్నడుగుతాది!" అంది నాతో.

పెట్టె మీద పది ఎర్ర చుక్కలున్నాయి. సెకనుకొకటి ఆరిపోతుంది. పదీ ఆరాక సున్నా వేసి పన్నెండో ప్రశ్నకు పోయింది. ఆరు మార్కులు గంగలో కలిశాయి.

6వ రోజు. పోటు 4.3, గాలి లేదు.

నిద్ర ఆరు గంటలు. తిండి రెండు పూటలు. నడక గట్టు మీద చివరి ఇంటిదాకా, తిరిగి. గుర్తు బాగానే ఉంది. నీళ్ల గడిలో ఏం రాయాలో తెలియడం లేదు. ఆమె తాగింది ఒకటిన్నర లీటరు. పారబోసింది నలభై.

నేను పైకప్పు మీద ఉప్పు కడుగుతున్నాను. సముద్రం పొలాలు మింగాక లంకల వాళ్లమంతా గట్టెక్కి కట్టుకున్న ఇళ్లివి. వారానికోసారి కడగకపోతే రేకు తినేస్తుంది. కిందికి దిగేసరికి తీపినీళ్ల కుళాయి ధారగా పోతోంది, ఆవిడ గుమ్మంలో కూర్చుని నాచు ఏరుతోంది. రెండు రోజుల కోటా కాలవ పాలు. నాకు ఒళ్లు మండిపోయింది. అరిచాను. ఆమె బిక్కచచ్చిపోయి, "ఎవరు తిప్పారండీ?" అంది. ఆ మొహం చూశాక నన్ను నేనే చెప్పుతో కొట్టుకోవాలనిపించింది.

పక్కింటి సింహాద్రి రెండు బిందెలు తెచ్చిచ్చాడు. పంపుహౌసులో నా కింద పనిచేసినవాడు. "వదినకెలా ఉందన్నా?" అన్నాడు. బాగుందన్నాను. మళ్లీ అడిగాడు. బాగుందని చెప్పాను కదరా అని గదిమాను. వరసలో తర్వాతి నంబరు వాళ్లమ్మది. ఆ సంగతి వాడికీ తెలుసు, నాకూ తెలుసు. వాడి నీళ్లతోనే ఇవాళ వంటయింది.

15వ రోజు. పోటు 4.4, గాలి ఆగ్నేయం.

పదో మందు. నలభై ఒకటి.

ఒక్క మార్కు మిగిలింది. హెప్సిబా సూది గుచ్చుతూ నా మొహం చూడలేదు. ఆ పిల్ల మనసు మంచిది, చూడలేకపోయింది. ఇవాళ పదకొండో ప్రశ్నకు వీరవేణి నవ్వలేదు కూడా. తల వంచుకుని కొంగు మడతలు పెడుతూ ఉండిపోయింది. చుక్కలన్నీ ఆరిపోయాయి.

"బాబాయ్, పిన్నికి నీ పేరు తెలుసా, మర్చిపోయిందా?" అని అడిగింది హెప్సిబా, పడవెక్కే ముందు.

నేనేం చెప్పను? నలభై రెండేళ్ల కాపురంలో నా పేరు పెట్టి పిలిస్తే కదా, మానేసిందని తెలిసేది. ఏవండీ అంటుంది. ఆయన అంటుంది. మెట్ట నుంచి రేషన్లో వచ్చే నూకల్ని కూడా నూకలు అనదు, నా పేరులో ఆ మాట ఉందని. చిట్టి బియ్యం అంటుంది. లంకలు మునిగినా అక్కడి అలవాట్లు మా ఆడవాళ్లతో పాటు గట్టెక్కాయి. మెట్టనగరంలో పెళ్లాలు మొగుళ్లను పేరు పెట్టి కేకేస్తారు. పెట్టెను చేసింది అక్కడే.

ఇక్కడొక సంగతి ఒప్పుకోవాలి. చేరేటప్పుడు నింపిన కాగితాల్లో ఒక గడి ఉంది: రోగి తన భర్తను పేరుతో పిలుస్తుందా? అవును అని గీత కొట్టింది నేనే. హెప్సిబా అప్పుడే అంది, "బాబాయ్, కాదని రాయి, ఆ ప్రశ్న తీసేసి వేరేది పెడతారు" అని. ఎదురుగా మెట్టనగరం డాక్టరమ్మ కూర్చుని ఉంది. ఆవిడ ముందు మేం మొరటు జనంలా కనిపించడం నాకు ఇష్టం లేకపోయింది. పెద్ద నాగరికుడిలా అవును అని రాశాను. డెబ్భై రెండు వచ్చిన రోజుల్లో ఆరు మార్కులు ఎవడికి లెక్క? ఇంటికొచ్చి ఇద్దరం చెప్పుకుని నవ్వుకున్నాం కూడా.

నాలుగో ఇంటి సూర్రావుకు మందు ఆగింది. రెండు నెలల్లో మెతుకు మింగడం మర్చిపోయాడు.

18వ రోజు. పోటు 4.4, గాలి ఆగ్నేయం.

తప్పు గీత కొట్టాను, దిద్దండి మహాప్రభో అని కేంద్రానికి అర్జీ పెట్టాను. జవాబు ఇవాళ వచ్చింది. చికిత్స మధ్యలో మొదటి వివరాలు మార్చడం కుదరదట. మార్చాలంటే సంఘం కూర్చోవాలట. సంఘం మూడు నెలల తర్వాత కూర్చుంటుందట. సంతకం కూడా పెట్టె పెట్టిందే.

ఈ పుస్తకం చదివే మనిషి ఎవరైనా ఉంటే ఒక్క మాట అడుగుతాను. మీ ఆవిడకు పదకొండు రోజులు మిగిలితే మీరు మూడు నెలలు కూర్చుంటారా?

22వ రోజు. పోటు 4.6, గాలి తూర్పు, బలంగా.

నిబంధన 9: జవాబులు నేర్పరాదు. నేర్పబోయాను. దాచను.

పొద్దున్న గంజి తాగాక పక్కన కూర్చోబెట్టుకుని, "వేణీ, నా పేరేంటి?" అన్నాను. తల అడ్డంగా ఊపింది. తెలియక ఊపిందా, చెప్పనని ఊపిందా? అది తేల్చుకోవడమే నాకు కావాలి. "నూకరాజు అను. ఒక్కసారి. ఎవరూ లేరు" అన్నాను.

"ఛీ! ఏటండా మాటలు! ఎవరైనా ఇంటే ఏటనుకుంటారు?" అని చెవులు మూసుకుంది. వదల్లేదు నేను. మళ్లీ అనమన్నాను. చేతిలో గరిటె విసిరింది. మోచేతికి తగిలి చర్మం లేచింది.

నాకెంత సంతోషమేసిందో రాయలేను. తెలుసు ఆమెకు! నేనెవరో తెలుసు, పేరు తెలుసు, తెలుసు కాబట్టే గరిటె విసిరింది. ఆ గరిటెకు పెట్టె మార్కులు వెయ్యదు, అంతే.

మధ్యాహ్నం పెట్టె అడిగే ప్రశ్నలు కొన్ని నేనే అడిగి చూశాను. నెల చెప్పలేదు. గట్టు నంబరు చెప్పలేదు. పక్షి బొమ్మ చూపిస్తే చేప అంది. నా లెక్క ప్రకారం ముప్పై అయిదు దాటదు. ఆ ఆరు మార్కులు వస్తే గానీ గట్టెక్కదు.

25వ రోజు. పోటు 5.2, గాలి తూర్పు, తుపాను లక్షణం.

తడిబట్టలతోనే రాస్తున్నాను.

ఉదయం పదకొండుకు సైరన్ మోగింది. మోగగానే అందరూ లోపలికి వెళ్లి గుమ్మాలకు ఇనప పలకలు దించుకోవాలి. నేను పలక దించి వెనక్కి తిరిగితే ఆమె లేదు. పెరటి వైపు తలుపు తీసి ఉంది. అటే పరిగెత్తాను. సింహాద్రి తన గుమ్మంలోంచి అరిచాడు, "అన్నా, మెట్ల కాడుంది!" అని.

సముద్రం వైపు మెట్ల మీద, కింది నుంచి నాలుగో మెట్టు దగ్గర నిలబడి ఉంది. మూడో మెట్టు మీద అప్పటికే నీళ్లున్నాయి. చేతిలో ఖాళీ క్యారేజీ. నేను రెక్క పట్టుకుంటే విదిలించుకుంది.

"వదలండి, మా ఆయనకి అన్నం అందలేదు. పంపు కాడ పొద్దున్నుంచీ ఖాళీ కడుపుతో ఉన్నారు."

"నేనే వేణీ, ఇక్కడే ఉన్నాను. చూడు."

చూసింది. ఎంతసేపు చూసిందో. అల వచ్చి ఇద్దర్నీ మోకాళ్లదాకా తడిపింది. తప్పిపోయినవాణ్ని వెతికినట్టు నా మొహమంతా వెతికింది.

"మీరా," అంది చివరికి. "ఏటిలా అయిపోయారు?"

సింహాద్రి దిగివచ్చి రెండో రెక్క పట్టుకున్నాడు. ముగ్గురం పైకి చేరేసరికి నాలుగో మెట్టు కూడా మునిగిపోయింది. వాడిల్లు, వాళ్లమ్మ, అన్నీ వదిలేసి వచ్చాడు. వీరవేణిని పట్టుకోకుండా ఊరుకుంటే సీసా వాడి ఇంటికే వెళ్లేది. వాడికి ఆ ఆలోచన రాలేదు. వచ్చింది నాకే. సిగ్గుతో చచ్చిపోయాను.

26వ రోజు. పోటు 4.7, గాలి తగ్గింది.

ఇవాళ పెరటి తలుపుకు తాళం వేశాను. ఆమె తలుపు లాగుతూ, "ఎందుకేశారండీ? నేనేం దొంగనా?" అంది. వెళ్లి గుమ్మంలో కూర్చున్నాను. అక్కడ కూర్చుంటే గుర్తొచ్చింది.

ఒక్కసారి అంది. నా పేరు ఒకే ఒక్కసారి అంది.

పెళ్లయి మా ఇంటికి వచ్చిన రోజు. మా అక్క గుమ్మానికి అడ్డంగా చేతులు చాపి నిలబడింది. మొగుడి పేరు చెప్తేనే లోపలికి రానిస్తానంది. ఆడపడుచులు అందరు కొత్తకోడళ్లకూ పెట్టే పరీక్షే. వీరవేణి గడప బయట పావుగంట నిలబడింది. చుట్టూ జనం కేకలు. చివరికి నేలచూపులు చూస్తూ చెప్పేసి, అక్క చెయ్యి కింద నుంచి దూరి లోపలికి పారిపోయింది. పేరు అనకూడదనేది ఎంత గట్టి కట్టడో, ఆ ఒక్క చోట అనాలనేదీ అంతే గట్టిది.

నిబంధనల పుస్తకం నలభై పేజీలూ చదివాను. పంపుల మాన్యువల్ చదివినట్టు అక్షరమక్షరం చదివాను. పరీక్ష ఏ గదిలో పెట్టాలో ఎక్కడా లేదు. గుమ్మంలో ఎవరూ నిలబడకూడదని కూడా లేదు.

హెప్సిబాకు ఫోన్ చేసి చెప్పాను.

"అది నేర్పడం కాదా బాబాయ్?"

"పేరు నువ్వు చెప్పవు, నేను చెప్పను. ఆవిడ మనసులో ఉంటేనే వస్తుంది. లేకపోతే రాదు."

"పుస్తకంలో రాస్తావా?"

"రాస్తాను."

"నువ్వు రాస్తావని తెలుసులే. నా ఉద్యోగం మీదికి తెచ్చేలా ఉన్నావు," అంది. మళ్లీ తనే, "ఆ ఆడపడుచు ఏమని అడిగిద్ది? సరిగ్గా చెప్పు, మాలో ఈ తంతు లేదు," అంది.

28వ రోజు. పోటు 4.2, గాలి లేదు.

నిద్ర నాలుగు గంటలు. నడక లేదు. మధ్యాహ్నం నాకు అన్నం వడ్డించింది, తనంతట తానే. చాలా రోజులైంది. "తినండి, మొగమాటపడకండి," అంది. మర్యాదగా కొసరి వడ్డించింది. గుర్తు గడిలో ఏమీ రాయలేదు. ఖాళీగా వదిలేశాను.

29వ రోజు. పోటు 3.9, గాలి తూర్పు.

వరసగా రాస్తాను.

హెప్సిబా ఎనిమిదింటికి వచ్చింది. కుర్చీలు అరుగు మీద వేశాను. వీరవేణికి ఆకుపచ్చ చీర కట్టాను. అది నిబంధనల్లో లేదు, నాకే కట్టాలనిపించింది. మొదటి పది ప్రశ్నలకూ నేను వేళ్ల మీద లెక్క వేసుకుంటూనే ఉన్నాను. పోయినసారి కంటే నాలుగు తక్కువ.

పదో ప్రశ్న కాగానే హెప్సిబా లేచి గుమ్మానికి అడ్డంగా చెయ్యి చాపి నిలబడింది. నేను వీరవేణిని లేపి గడప ముందుకు తెచ్చి పక్కన నిలబడ్డాను.

"మీ పక్కన ఉన్న వ్యక్తి పేరు ఏమిటి?" అంది పెట్టె.

"ఏం మరదలా, మా తమ్ముడి పేరు చెప్తేనే దారి," అంది హెప్సిబా.

వీరవేణి హెప్సిబా చేతిని చూసింది. గడపను చూసింది. ఒక చుక్క ఆరింది, రెండోది ఆరింది. ఆమె చెయ్యి తలమీదికి కొంగు లాక్కుంది. అయిదు. ఆరు. పెదవులు కదిలాయి, నవ్వు వచ్చింది, ఆ నవ్వు నలభై రెండేళ్ల కిందట చూసిందే. ఎనిమిది.

"నేనూ, నూకరాజుగారూ వచ్చాం. దారి ఇడండి వదినా."

అని హెప్సిబా చెయ్యి కింద నుంచి దూరి లోపలికి పోయింది.

పెట్టె పచ్చగా వెలిగింది. నేను గుమ్మం పట్టుకుని ఏడ్చేశాను. సింహాద్రి వాళ్లింటికి వినపడేలా ఏడ్చాను. నా పేరులో అంత అందం ఉందని నాకు తెలియదు. మా అమ్మ ఎందుకు పెట్టిందా అని చిన్నప్పుడు తిట్టుకున్న పేరది.

మిగతా తొమ్మిదీ లోపల మంచం మీద కూర్చుని చెప్పింది. మొత్తం నలభై ఒకటి. హెప్సిబా మంచుపెట్టె తెరిచి సీసా మూత తీసింది. తీశాక గంటలో వాడెయ్యాలి. సూది గుచ్చింది, గొట్టం తగిలించింది, ఇంకా మందు వదల్లేదు. వీరవేణి తల మీద కొంగుతో, నేల చూపులు చూస్తూ కూర్చుంది. సిగ్గు పడుతోందని మురిసిపోతూ వెళ్లి పక్కన కూర్చోబోయాను.

చటుక్కున లేచి నిలబడింది. గొట్టం లాక్కుపోతే హెప్సిబా పట్టుకుంది.

"కూర్చోండి మావయ్యగారూ," అంది నాతో. "ఆయన ఇంకా బయటే ఉన్నారు, చెప్పులు ఇప్పుతున్నట్టున్నారు. కాస్త పిలవరా?"

మావయ్య అంటే మా నాన్న. పోయి ఇరవై ఏడేళ్లయింది. నా మొహం ఆయన పోలికే అని అందరూ అనేవారు.

హెప్సిబా చెయ్యి గొట్టం మీద ఆగిపోయింది. "బాబాయ్," అంది, "పెట్టె పాసంది. నేనేం వినలేదు. నువ్వు చెప్పు, వదలనా?"

నాకు అర్థమైంది. ఈ మందు ఉన్నదాన్ని ఉన్నచోట పట్టి ఉంచుతుంది. ఇప్పుడు వదిలితే ఆమె ఆ గుమ్మం లోపలే ఉండిపోతుంది, నా కోసం చూస్తూ, నన్ను మావయ్యగారూ అంటూ. నా పేరు ఉంటుంది, నేనుండను. వదలకపోతే సూర్రావు దారి. ఇన్నాళ్లూ ఆ ఆరు మార్కుల కోసం కొట్టుకున్నాను. వాటిని తెచ్చుకున్నది ఇందుకా అని నా మీద నాకే మండింది. అయినా ఆమె మొహంలో భయం లేదు. నాలుగేళ్లలో మొదటిసారి భయం లేదు. ఎవరికోసం చూస్తోందో ఆమెకు తెలుసు.

"వదులమ్మా," అన్నాను. హెప్సిబా వదిలింది.

కేంద్రం వాళ్లు వినండి. గుమ్మం ఆలోచన నాది, హెప్సిబాది కాదు. పేరు చెప్పింది నిజం. పక్కనున్నది ఎవరో తెలియకుండా చెప్పిందీ నిజం. ఇది చదివి తర్వాతి సీసా సింహాద్రి వాళ్లమ్మకు ఇవ్వాలనుకుంటే ఇవ్వండి. నేను ఊరుకోను, మీ మెట్ల మీద కూర్చుని గోల చేస్తాను, అది వేరే సంగతి. గుర్తు గడిలో మాత్రం లేదు అనే రాస్తున్నాను.

మందు పూర్తయ్యాక హెప్సిబా సామాను సర్దుకుంటుంటే నేను అరుగు మీదికి వెళ్లాను. నా చెప్పులు తొడుక్కుని, మళ్లీ విప్పాను. చొక్కా సవరించుకున్నాను. అరవై ఏడేళ్ల ముసలాణ్ని, కొత్త పెళ్లికొడుకులా గడప దాటి లోపలికి వచ్చాను.

తలెత్తి చూసింది. నా వెనక, గుమ్మం వైపు చూసింది.

"ఆయన రాలేదా మావయ్యగారూ?"

"వస్తున్నాడమ్మా," అన్నాను. "నువ్వు కూర్చో. వచ్చేస్తాడు."

కూర్చుంది. ఈ పుస్తకంలో అబద్ధం రాయకూడదని నిబంధన ఉంది, ఆమెకు చెప్పకూడదని ఎక్కడా లేదు.